మా ఆయన రక్తంలో సీసం ఉందేమో చూడమన్నారు, ఎవరికైనా అనుభవం ఉందా?

బెజవాడ_పద్మ (జనవరి 5, రాత్రి 11:40)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా ఆయన ఆటోనగర్‌లో ఒక బ్యాటరీ షాపులో పదకొండేళ్ళ నుంచి పని చేస్తున్నారు. లారీ బ్యాటరీలు, ఇన్వర్టర్ బ్యాటరీలు విప్పడం, లోపల ప్లేట్లు మార్చడం, సీసం కరిగించి టెర్మినళ్ళు పోయడం ఆయన పని.

ఏడాదిన్నర నుంచి మనిషి మనిషిలా లేడు. పిల్లాణ్ణి భుజం మీద నుంచి దించేవాడు కాదు, అలాంటిది ఇప్పుడు చెంచా కింద పడ్డ చప్పుడుకే ఇంతెత్తున లేస్తున్నాడు. రాత్రి నిద్ర లేదు. బండి తాళం చేతిలో పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు, చెప్పిన మాటే మళ్ళీ చెప్తాడు, గుర్తు చేస్తే కోపం. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, నాలుగు రోజులకోసారి గానీ విరేచనం అవదు. రెండు చోట్ల గ్యాస్ ట్రబుల్ అని మందులు రాశారు, ఒకచోట స్కానింగ్ చేసి ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోమన్నారు. మా అత్తగారు దిష్టి తీశారు. మా అమ్మ ఇంకెవరైనా ఉన్నారేమో కనుక్కోమంది. నేను కూడా సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళి ఇక తిరిగి రాకూడదనే అనుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మొన్న ప్రభుత్వాసుపత్రిలో ఒక చిన్న డాక్టరమ్మ నోరు తెరవమని చిగుళ్ళు చూసి "ఏం పని చేస్తావన్నా?" అని అడిగింది. ఇన్నాళ్ళలో ఆ మాట అడిగింది ఆవిడ ఒక్కతే. చిగుళ్ళ అంచున సన్నగా నీలం గీత ఉంది, మేమెప్పుడూ చూసుకోలేదు. రక్తంలో సీసం పరీక్ష రాసింది, బాబుకి కూడా చేయించమంది. వాడికి ఐదేళ్ళు, గోడ సున్నం గీకి నోట్లో పెట్టుకుంటాడు, స్కూల్లో ఒక్కచోట కూర్చోడని రోజూ కంప్లయింట్లే. సీసం వల్ల నిజంగా మనిషి స్వభావం మారిపోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా భయంగా ఉంది.

కెమిస్ట్రీ_మాస్టారు (జనవరి 6, ఉదయం 6:15)

అమ్మా పద్మా, మారుతుంది. ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠం చెప్పినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను.

సీసాన్ని మన ఒళ్ళు కాల్షియం అనుకుని పొరబడుతుంది. అందుకే కాల్షియం ఎక్కడెక్కడికి వెళ్తుందో అక్కడికల్లా దాన్ని రానిస్తుంది, ఎముకల్లోకి, నరాల్లోకి, మెదడులోకి. మెదడులో ఒక కణం పక్క కణానికి కబురు పంపాలంటే కాల్షియం కావాలి, ఆ చోట సీసం కూర్చుంటే కబురు తప్పుతుంది. చిరాకు, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం అలా వస్తాయి. పేగుల నరాల మీద పనిచేస్తే మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం. రక్తం తయారీకి అడ్డుపడుతుంది కాబట్టి రక్తహీనత. నువ్వు వేరువేరుగా రాసిన జబ్బులన్నిటికీ మూలం ఒక్కటే అయి ఉండొచ్చు.

రక్తంలో చేరిన సీసం నెల రోజుల్లో దాదాపు సగమవుతుంది, కానీ ఎముకల్లో చేరింది మాత్రం పదుల ఏళ్ళు ఉండిపోయి కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతూ ఉంటుంది. కాబట్టి పని మానేసిన మర్నాడే నయమైపోవాలని చూడకు. పిల్లాడి పరీక్ష మాత్రం వాయిదా వేయకు. మనం మింగిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేది పదోవంతు దాకా, పిల్లలకి సగం వరకు పట్టేస్తుంది. ఇంత వరకు ఉన్నా ఫర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది.

ఆరోగ్యమిత్ర_77 (జనవరి 6, ఉదయం 9:02)

సిస్టర్, టెన్షన్ పడకండి. ఉదయం పరగడుపున డిటాక్స్ పౌడర్ 21 రోజులు, రాత్రి పాదాలకు ప్యాచ్ వేస్తే ఒంట్లో విషాలన్నీ బయటికి వచ్చేస్తాయి. మా ఆవిడకు వేశాం, ప్యాచ్ పొద్దున్నకి నల్లగా అయ్యింది. కావాలంటే మెసేజ్ చేయండి.

ల్యాబ్_రాణి (జనవరి 6, ఉదయం 9:30)

అన్నగారూ, ఆ ప్యాచ్ చెమట తగిలితే నల్లబడుతుంది. కాళ్ళకి కట్టకుండా దాని మీద రెండు చుక్కల నీళ్ళు వేసి చూడండి, అప్పుడూ నల్లబడుతుంది. పద్మక్కా, దయచేసి వాటి జోలికి పోవద్దు, డబ్బు పోవడం ఒక్కటే కాదు, ఆ 21 రోజులు బావ అదే షాపులో అదే పొగ పీలుస్తాడు.

నేను గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఈ పరీక్ష అన్ని ల్యాబుల్లో చేయరు, సాంపిల్ తీసుకుని పెద్ద ల్యాబుకి పంపిస్తారు, రిపోర్టుకి వారం దాకా పట్టొచ్చు. సిర నుంచి తీసిన రక్తమే ఇవ్వండి. వేలి మీద గుచ్చితే చేతికంటిన దుమ్ము కలిసి అంకె తప్పుగా ఎక్కువ చూపించవచ్చు. సూది పెట్టే ముందు బావని మోచేతి దాకా సబ్బుతో కడుక్కోమనండి. దానితోపాటు హిమోగ్లోబిన్, కిడ్నీ పరీక్ష చేయించండి, బాబుకి ఐరన్ కూడా. సున్నం తినాలనిపించడం చాలాసార్లు ఐరన్ తక్కువైన పిల్లల్లోనే చూస్తాం, ఐరన్, కాల్షియం తక్కువైతే సీసం ఇంకా ఎక్కువ పడుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

ఏలూరు_వాసి (జనవరి 6, మధ్యాహ్నం 1:10)

సీసం మాట వింటేనే మాకు 2020 డిసెంబర్ గుర్తొస్తుంది. ఆ శనివారం మా వన్‌టౌన్ వైపు నడుస్తూ నడుస్తూ మనుషులు కింద పడిపోయారు, నోట్లో నురగ, ఫిట్స్. మా ఎదురింటి డిగ్రీ పిల్ల బిందె పట్టుకుని పంపు దగ్గరే పడిపోయింది. వారంలో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రికి వెళ్ళారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో లేచి తిరిగారు, ఒకాయన చనిపోయారు. ఎయిమ్స్ వాళ్ళు రక్తం చూస్తే సీసం, నికెల్ కనిపించాయి, తర్వాత పురుగుమందుల మీద అనుమానం వచ్చింది. నీళ్ళా, కూరగాయలా, పాలా అని ఎన్ని రకాలుగా అనుకున్నామో. ఊరంతా ఒకేసారి పడిపోతే ఢిల్లీ నుంచి డాక్టర్లు దిగారు. ఒక్కడే షాపులో కూర్చుని పదకొండేళ్ళు కొంచెం కొంచెంగా పీలిస్తే పక్కింటివాడికి కూడా తెలియదు. పద్మ గారూ, మీకు అనుమానం రావడమే గొప్ప, వదలకండి.

సైకియాట్రీ_పీజీ (జనవరి 6, రాత్రి 10:50)

విశాఖలో సైకియాట్రీ చదువుతున్నాను. నా వార్డులో నేర్చుకున్న మొదటి విషయం ఏమిటంటే, మనసు జబ్బుతో వచ్చినవాళ్ళని ముందు ఒళ్ళు గురించి అడగాలి, ఏం పని చేస్తావు, ఇంట్లో వంట దేని మీద, ఏ మందులు, ఏ లేహ్యాలు వాడతావు అని. థైరాయిడ్, బి12 అందరం రాస్తాం. వృత్తి అడగడం మర్చిపోతాం. వెల్డింగ్ చేసేవాళ్ళకి మాంగనీసు, పెయింటర్లకి థిన్నర్ ఆవిరి, బంగారం పని చేసేవాళ్ళలో కొందరికి పాదరసం, బ్యాటరీలవాళ్ళకి సీసం. అన్నీ చివరికి చిరాకు, దిగులు, మతిమరుపుగానే బయటపడతాయి, అందుకే ఇంట్లోవాళ్ళు గుణం మారిందనుకుంటారు.

ఇంకోమాట, అక్కా, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. సీసం కోపం తెప్పించగలదు గానీ మీ మీద చెయ్యి చేసుకుంటే దాన్ని సీసం లెక్కలో వేసి ఊరుకోవద్దు. అలాంటిది ఉంటే 181కి ఫోన్ చేయండి, వైద్యం ఎలాగూ సాగుతుంది. ఆయనకి బతుకు మీద విసుగు మాటలు వస్తుంటే 14416, అది టెలిమానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు ఉండవు.

బెజవాడ_పద్మ (జనవరి 7, ఉదయం 5:55)

చెయ్యి ఎత్తలేదు డాక్టర్ గారూ. ఒకసారి కంచం విసిరాడు, తర్వాత బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాడు, నేను బయట నిలబడి విన్నాను. మీ అందరి మాటలు ఆయనకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే నాకు పిచ్చి పట్టడం లేదన్నమాట" అన్నాడు. ఇన్నాళ్ళూ లోపల ఆ భయం పెట్టుకుని ఉన్నాడని నాకు తెలియదు.

రక్తం ఇచ్చి వచ్చాం. ఇంకో విషయం చెప్పాలి. ఆదివారాలు ఎక్స్‌ట్రా పని ఉంటే పాత ప్లేట్లు ఇంటికి తెచ్చి డాబా మీద కొట్టేవాడు. బాబు పక్కనే ఆడుకునేవాడు. ఆయన షాపు చొక్కా, బాబు యూనిఫాం ఒకే బకెట్లో నానబెట్టేదాన్ని.

కెమిస్ట్రీ_మాస్టారు (జనవరి 7, ఉదయం 6:40)

నిన్ను నువ్వు తిట్టుకోకమ్మా, ఎవరూ చెప్పనిది నీకెలా తెలుస్తుంది. ఈ రోజు నుంచి చేయాల్సింది చెప్తాను.

డాబాని చీపురుతో ఊడవకు, ఊడిస్తే ఆ పొడి గాలిలోకి లేచి ఇల్లంతా పరుచుకుంటుంది. తడి గుడ్డతో తుడువు, గుడ్డ రెండు మూడు సార్లు మార్చు, తుడిచేటప్పుడు పిల్లాడు అక్కడ ఉండకూడదు. ఆ డాబా మీద ఇక వడియాలు పెట్టకు. మీ ఆయన షాపులోనే బట్టలు మార్చుకుని, వీలైతే అక్కడే స్నానం చేసి రావాలి, చెప్పులు గుమ్మం బయటే. ఆ బట్టలు వేరే బకెట్. ముఖ్యమైనది, బీడీ. పొగ తాగే అలవాటుంటే సీసం అంటిన వేళ్ళతో బీడీ పట్టుకోవడం, అదే చేత్తో టీ తాగడం, ఆ దారిన లోపలికి పోయేది చాలా ఎక్కువ. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే కరిగిన సీసం పొగ ఆగదు.

ఓరుగల్లు_రైతు (జనవరి 7, రాత్రి 8:20)

పద్మక్కా, మీ పోస్టు చదువుతుంటే మా తమ్ముడే కళ్ళ ముందు కనిపించాడు, వాడిది సీసం కాదు, పత్తి మందు. ఆ రోజు మధ్యాహ్నం ఎండలో తైవాన్ పంపు వీపున వేసుకుని మోనో అనే పురుగుమందు కొట్టాడు, మూతికి తువ్వాలు తప్ప ఏమీ లేదు, పంపు కారి వీపంతా తడిసింది, తడిసిన చొక్కాతోనే సాయంత్రం దాకా చేన్లోనే ఉన్నాడు. రాత్రికి చొంగ, చెమటలు, కళ్ళు మసకలు, ఊపిరి ఆడలేదు. వరంగల్ తీసుకుపోతే బతికాడు. అందరం దేవుడి దయ అనుకున్నాం. ఆ తర్వాత ఆరు నెలలు వాడు ఎవరితో మాట్లాడలేదు. అన్నం ముందు కూర్చుని కంచం కేసి చూస్తూ ఉండేవాడు. ఊళ్ళోవాళ్ళు అప్పుల బెంగ అన్నారు, అప్పులు మాకు కూడా ఉన్నాయి, నేనలా కాలేదు కదా.

మందు నోట్లో పోతేనే విషం అనుకుంటాం అక్కా, చర్మం నుంచే పోతుంది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో మందు కొడుతూ రైతులు, కూలీలు చనిపోయారు, అక్కడా పత్తే. మా ఊళ్ళో అప్పుడు నాలుగు రోజులు మాట్లాడుకున్నారు, మళ్ళీ పంపు ఎత్తుకున్నారు. డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది, ఎరుపు అయితే అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. దుకాణంలో అది చూసి కొనేవాళ్ళు నాకు కనబడలేదు.

సైకియాట్రీ_పీజీ (జనవరి 7, రాత్రి 11:30)

అన్నా, ఆ రకం మందులు నరాల చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని కరిగించే ఎంజైమును ఆపేస్తాయి, చొంగ, చెమట, కళ్ళు మసకబారడం అందుకే. మొదటి రెండు రోజులు గండం గడిస్తే చాలనుకుంటాం, మీరు చెప్పిన ఆరు నెలల సంగతి ఆసుపత్రి చీటీలో ఎవరూ రాయరు. అమెరికాలో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల రైతుల మీద 1993 నుంచి ఒక పెద్ద అధ్యయనం నడుస్తోంది, ఒకసారి పురుగుమందు విషప్రభావానికి గురైనవాళ్ళలో డిప్రెషన్ ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. మీ తమ్ముడు ఇప్పుడెలా ఉన్నాడు?

ఓరుగల్లు_రైతు (జనవరి 8, ఉదయం 7:00)

ఇప్పుడు బాగున్నాడు సార్, మందులు వాడాడు. మళ్ళీ పంపు ముట్టలేదు, ట్రాక్టర్ నడుపుతున్నాడు. మా ఇంట్లో మందు కొట్టిన బట్టలు నా భార్య ఉతికేది, ఆమెకి కూడా తలనొప్పి వచ్చేది, ఇప్పుడు నేనే బోరు దగ్గర ఉతుక్కుని వస్తున్నాను.

ఎడిసన్_సుధ (జనవరి 8, ఉదయం 8:45)

పద్మ గారూ, న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ప్రతి పిల్లకీ ఏడాది నిండినప్పుడు ఒకసారి, రెండేళ్ళు నిండినప్పుడు ఇంకోసారి సీసం పరీక్ష తప్పనిసరి. మా బాబుకి ఏడాది నిండినప్పుడు 7 వచ్చింది, అంటే డెసీలీటరు రక్తంలో 7 మైక్రోగ్రాముల సీసం. ఇక్కడ 3.5 దాటితేనే కారణం వెతకడం మొదలుపెడతారు, నేను నర్స్ ఫోన్ పెట్టేసరికి నేల మీద కూర్చుండిపోయాను. మాది కొత్త ఇల్లు, బ్యాటరీలు లేవు, ఏమీ లేవు. హెల్త్ డిపార్ట్‌మెంట్ ఆవిడ వచ్చి మూడు గంటలు అడిగింది, కుంకుమ ఎక్కడిది, కాటుక ఎక్కడిది, పసుపు ఎక్కడిది, ఏ గిన్నెలో వండుతావు. నాకు కోపం వచ్చింది, మా దేవుడి గది మీద అనుమానం ఏమిటని. తీరా చూస్తే మా అత్తగారు ఇచ్చిన ఇత్తడి గిన్నె. కళాయి ఎప్పుడో పోయింది, అందులోనే చింతపండు పులుసు, చారు. పులుపుకి లోహం దిగుతుంది. కళాయి లేని గిన్నెలో పులుసు పెడితే చిలుము పడుతుందని మా అమ్మమ్మ తిట్టేది, ఆవిడ మాట వినుంటే సరిపోయేది. తగరంతో వేయాల్సిన కళాయిలో సీసం కలిపి వేసేవాళ్ళు కూడా ఉంటారట, అది ఇంకో సమస్య.

ఇత్తడే కాదు, తుక్కు కరిగించి పోసిన అల్యూమినియం గిన్నెల్లో కూడా సీసం ఉంటుంది, సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీ వాళ్ళు 2022లో అది చూపించారు. స్టీలుకి మారాం. ఆరు నెలలకి 7 కాస్తా 3కి వచ్చింది.

ల్యాబ్_రాణి (జనవరి 8, ఉదయం 10:15)

సుధక్కా, పసుపు గురించి నేనొకటి కలుపుతాను. మెరుపు పసుపు రంగు కోసం లెడ్ క్రోమేట్ రుద్దేవాళ్ళున్నారు, కొమ్ములు కొన్నా పైన అదే రుద్ది ఉండొచ్చు, కాబట్టి మరీ నిగనిగలాడే కొమ్ములు వద్దు. బంగ్లాదేశ్‌లో 2019లో మార్కెట్ సాంపిళ్ళలో దాదాపు సగం పసుపులో సీసం ఉండేది. అక్కడ ప్రభుత్వం దాడులు చేసి, జరిమానాలు వేసి, ఊరూరా చెప్పేసరికి 2021 నాటికి సాంపిళ్ళలో అసలు కనబడలేదు. రెండేళ్ళే పట్టింది.

పార్లర్_లక్ష్మి (జనవరి 8, మధ్యాహ్నం 3:30)

నేను బ్యూటీ పార్లర్ నడుపుతాను. నా తప్పు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. రెండేళ్ళ క్రితం ఒకాయన లేబుల్ లేని తెల్లబడే క్రీము డబ్బాలు తెచ్చి ఇచ్చేవాడు, వారంలో రంగు వస్తుందని చెప్పి అమ్మేదాన్ని, నేనూ రాసుకునేదాన్ని. నాకు చేతులు వణకడం మొదలైంది, రాత్రిళ్ళు కళ్ళు మూతపడేవి కావు, కస్టమర్ మాట్లాడితే ఏడుపు వచ్చేది. నలభై దాటింది కదా, ఆ వయసు అనుకున్నాను. మూత్రంలో నురగ వస్తోందని వెళ్తే కిడ్నీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, మొహానికి ఏం రాస్తున్నావమ్మా అని. పాదరసం. కేరళలో మలప్పురం వైపు 2023లో ఇలాగే క్రీములు రాసుకుని కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు బయటపడ్డారని ఆయనే చెప్పారు. మానేశాక నాలుగైదు నెలల్లో వణుకు పోయింది. నా దగ్గర కొన్నవాళ్ళ ఫోన్ నంబర్లు ఉన్నంతవరకు అందరికీ ఫోన్ చేసి పారేయమని చెప్పాను. ఇద్దరు తిట్టారు, తిట్టనీ.

మునుగోడు_అబ్బాయి (జనవరి 8, రాత్రి 9:10)

మా నల్గొండవాళ్ళకి ఈ చర్చ కొత్త కాదు. మా తాత వంగిన నడుముతోనే నాకు తెలుసు, నిటారుగా నిలబడ్డ తాతని నేను చూడలేదు. అందరూ పళ్ళ మీద గార, వంకర కాళ్ళ గురించి మాట్లాడతారు గానీ పెళ్ళి కుదరని అక్కల దిగులు, ఊరి పేరు చెప్పడానికి సిగ్గుపడ్డ పిల్లల సంగతి ఎవరూ మాట్లాడరు. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదు, మా బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని, పేరైతే మాదే గానీ బిందె బిందెకీ అది చేసుకునే ఓపిక ఎవరికుంటుంది. కృష్ణా నీళ్ళు వచ్చాక పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. మా చెల్లి కూతురు నవ్వితే మా అమ్మ దాని పళ్ళకేసే చూస్తూ కూర్చుంటుంది.

గుడివాడ_అమ్మ (జనవరి 9, ఉదయం 11:00)

మధ్యలో వచ్చి అడుగుతున్నాను, దోమల కాయిల్ సంగతి ఏమిటి? మా పాపకి రాత్రంతా వెలిగిస్తాం.

ల్యాబ్_రాణి (జనవరి 9, ఉదయం 11:20)

తలుపులు మూసి వెలిగించకండి అక్కా. ఒక కాయిల్ మొత్తం కాలితే వచ్చే సన్నటి పొగ ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో లెక్కగట్టారు. దోమతెర కట్టండి. బజార్లో అనుమతి లేని మందు కలిపిన దోమల అగరబత్తులు కూడా అమ్ముతున్నారు, అవి అసలే వద్దు.

బెజవాడ_పద్మ (జనవరి 14, రాత్రి 10:05)

రిపోర్టులు వచ్చాయి. ఆయనకి 46. బాబుకి 18. హిమోగ్లోబిన్ ఆయనకి తొమ్మిదిన్నర, బాబుకి తొమ్మిది. రేపు సంక్రాంతి, నాకు ముగ్గు వేయబుద్ధి కావడం లేదు. వాడి బుర్ర పాడైపోయిందా చెప్పండి, ఏదైనా సరే నిజం చెప్పండి.

సైకియాట్రీ_పీజీ (జనవరి 14, రాత్రి 10:40)

నిజమే చెప్తాను అక్కా. 18 ఎక్కువే, మాటల్లో తగ్గించి చెప్పను. సీసం పిల్లల తెలివి మీద, ఏకాగ్రత మీద కొంత పని చేస్తుంది, కొంత నష్టం వెనక్కి రాకపోవచ్చు. కానీ అది వాడి జాతకం కాదు. ఇదే పిల్లాడికి ఐరన్ సరిచేసి, మంచి తిండి పెట్టి, రోజూ పక్కన కూర్చుని కథలు చెప్పి ఆడిస్తే ఎదగడానికి వాడికి చాలా దారి ఉంది, ఐదేళ్ళ మెదడు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. మీరు ఎనిమిదో క్లాసులో కాకుండా ఇప్పుడే పట్టుకున్నారు.

పిల్లలకి సీసాన్ని లాగేసే మందులు సాధారణంగా 45, ఆపైన ఉంటేనే ఇస్తారు. 18కి మందు కన్నా కారణం తీసేయడమే వైద్యం. నెలకి మళ్ళీ పరీక్ష. మీ ఆయనకి ఆ మందు కావాలా వద్దా అనేది ఆయన్ని చూసిన డాక్టరే చెప్పాలి, పని మానకుండా ఆ మందు వాడితే లాభం లేదు, నష్టం కూడా. ఆన్‌లైన్లో ఆ బిళ్ళలు అమ్ముతారు, కొనొద్దు. బలానికని భస్మాలు, లేహ్యాలు అసలే వద్దు, కొన్నిట్లో సీసం, పాదరసమే ఉంటాయి.

ఇంకోటి, స్కూలు టీచర్‌కి రిపోర్టు చూపించండి. అల్లరి పిల్లాడని కొట్టడం ఆగుతుంది.

కెమిస్ట్రీ_మాస్టారు (జనవరి 15, ఉదయం 6:30)

ముగ్గు వెయ్యమ్మా, పిల్లాడు చూస్తాడు. వాడికి పాలు, రాగి జావ, ఆకుకూర పప్పు, పల్లీ బెల్లం, పక్కనే నిమ్మకాయో జామకాయో. ఖాళీ కడుపుతో ఉంచకు, ఖాళీ కడుపుకి సీసం ఎక్కువ పడుతుంది. ఒకప్పుడు దేశమంతా పెట్రోల్‌లోనే సీసం కలిపేవాళ్ళు, నేను బస్టాండులో నిలబడి పీల్చినవాణ్ణే, 2000 నుంచి తీసేశారు. గోడల రంగుల్లో కూడా సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90, మించకూడదని 2016లో రూలు పెట్టారు. మీ ఇల్లు పాతదైతే ఆ పెచ్చులూడే గోడ సంగతి కూడా చూడు, వాడు గీకి తినేది దాన్నే కదా.

బెజవాడ_పద్మ (ఏప్రిల్ 21, రాత్రి 9:50)

ఇన్నాళ్ళూ రాయలేదు, క్షమించండి. ఆయన ఆ పని మానేశారు. షాపు ఓనరు మొదట నవ్వాడు, పదకొండేళ్ళు చేశాక ఇప్పుడు సీసం గుర్తొచ్చిందా అని. రిపోర్టు చూపిస్తే మౌనంగా చదివి, ముందు కౌంటర్లో బిల్లులు రాసే పని ఇస్తానన్నాడు, జీతం మూడు వేలు తక్కువ. వెనక షెడ్డు వైపు వెళ్ళకూడదని మేమే షరతు పెట్టాం. ఎక్స్‌ట్రా డబ్బులు పోయి ఇబ్బందిగానే ఉంది, నేను రెండు ఇళ్ళకి టిఫిన్ కట్టి ఇస్తున్నాను. ఇంటివాళ్ళని అడిగి అడిగి గోడ పెచ్చులు తడిపి తీయించి కొత్త రంగు వేయించాం.

మొన్నటి పరీక్షలో ఆయనకి 33, బాబుకి 12. ఇంకా ఉంది, నాకు తెలుసు. కడుపు నొప్పి పోయింది. నిద్ర రాత్రి రెండింటికి ఒకసారి లేస్తున్నా మళ్ళీ పడుతోంది. కోపం ఇంకా వస్తుంది, వచ్చినప్పుడు తనే లేచి డాబా మీదకి వెళ్ళిపోతాడు, నెలకోసారి సైకియాట్రీ ఓపీకి వెళ్తున్నాం. మరుపు మాత్రం అంతగా తగ్గలేదు, జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాడు. మొన్న ఆదివారం బాబుని భుజం మీద ఎక్కించుకుని కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్ళాడు. ఏడాదిన్నర తర్వాత.

షెడ్డులో ఇంకో ముగ్గురు కుర్రాళ్ళు ఉన్నారు, ఒకడికి పందొమ్మిదేళ్ళు. సోమవారం ముగ్గుర్నీ ఆయనే రక్తపరీక్షకి తీసుకెళ్తున్నాడు.

ఉప్పాడ_తీరం (ఏప్రిల్ 22, ఉదయం 7:25)

అక్కా, నేను ఈ చర్చ మొత్తం రాత్రి కూర్చుని చదివాను. మాది చేపల వేట. వలకి కట్టే సీసం గుళ్ళు మా మావయ్య ఇంటి వెనకాలే పాత సీసం కరిగించి అచ్చుల్లో పోస్తాడు, నాకిప్పుడు ఐదో నెల. పిల్లలు ఆ గుళ్ళతో ఆడుకుంటారు, నోటితో కొరికి వలకి నొక్కుతారు. నేనేం చేయాలి?

బెజవాడ_పద్మ (ఏప్రిల్ 22, ఉదయం 7:40)

చెల్లీ, ముందు ఈ రోజు నుంచి నువ్వు ఆ పొయ్యి దరిదాపులకి వెళ్ళొద్దు, సీసం కడుపులో బిడ్డకి కూడా చేరుతుంది. ఈ వారమే నీ చెకప్‌లో డాక్టరమ్మకి సీసం సంగతి నువ్వే చెప్పు, అడిగేదాకా ఆగకు. పిల్లల చేతుల్లోంచి గుళ్ళు తీసేయి, కొరకనివ్వకు. మావయ్యగారికి నేను ఫోన్‌లో చెప్తాను, లేకపోతే మా ఆయన మాట్లాడతాడు, మగవాడు చెప్తే వింటారేమో. ఎప్పుడు ఖాళీయో రాయి.

ఉప్పాడ_తీరం (ఏప్రిల్ 22, ఉదయం 7:52)

సాయంత్రం ఆరింటికి వేట నుంచి వస్తారు అక్కా. అన్నయ్యనే మాట్లాడమను.